సొంత నేల మీద ప్రేమ ఉంటే ఫోటో జర్నలిస్టు కావచ్చా?

వెలుగునీడ
అకౌంట్స్‌లో ఉద్యోగం చేస్తున్నాను. సెలవు దొరికితే చాలు, కెమెరా పట్టుకుని పుట్టిన చోటికి వెళ్లిపోతాను. ఎండిపోతున్న చెరువు, మూతపడ్డ బడి, వలసపోయిన వాళ్ల ఇళ్ల తాళాలు... కొన్నేళ్లుగా ఇవే తీస్తున్నాను. ఈ మధ్య ఒక పత్రిక ఫోటో ఎడిటర్‌కి చూపించాను. ఓపిగ్గా అన్నీ చూసి, "నీకు ఆ చోటంటే ప్రాణమని తెలుస్తోంది. అక్కడ ఏం జరుగుతోందో మాత్రం తెలియడం లేదు" అన్నారు. మర్యాదగానే అన్నారు, కానీ ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

నేల మీద ప్రేమతో ఈ రంగంలోకి వచ్చి నిలబడ్డవాళ్లు ఉన్నారా? లేక ఆ ప్రేమే ఈ పనికి అడ్డమా? ఇంట్లో అయితే "అంత ఇష్టమైతే తీసి గోడకు తగిలించుకో, ఉద్యోగం మానేయడం దేనికి" అంటున్నారు.

నల్లపిల్లి
ఇంట్లోవాళ్ల మాటలో నాకైతే తప్పేమీ కనిపించలేదు. గోడ ఎంత పొడవో చెబితే మిగతాది ఆలోచిద్దాం.

రోల్‌ఫిల్మ్
ఉన్నారు. ఈ ప్రశ్నకి నాకు ముందు గుర్తొచ్చేది జోసెఫ్ కౌడెల్కా. చెక్ దేశస్థుడు. చదివింది విమానాల ఇంజినీరింగు, తీసేది నాటకాల ఫోటోలు, జిప్సీల జీవితాలు. వార్తల జోలికి పోయిన మనిషి కాదు. 1968 ఆగస్టులో రుమేనియా నుంచి చెకొస్లొవేకియా రాజధాని ప్రాగ్‌కి తిరిగొచ్చాడో లేదో, సోవియట్ సేనలు నగరంలోకి దిగాయి. ఏ పత్రికా అతన్ని పంపలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. ఊరు తనది కాబట్టి ట్యాంకుల మధ్యకి వెళ్లాడు. అందులో ఒక ఫోటో ఉంది. ముందు ఒక చెయ్యి, మణికట్టుకి వాచీ. వెనక ఖాళీగా పడున్న వెన్సెస్లాస్ చౌరస్తా. అంత పెద్ద కూడలి ఆ వేళకి ఎలా ఉందో వాచీ ముల్లు సాక్ష్యం చెబుతుంది.

నెగెటివ్‌లు దొంగచాటుగా దేశం దాటాయి. 1969లో అచ్చయినప్పుడు ఫోటోగ్రాఫర్ పేరు లేదు. సాహసంతో తీసిన వార్తాచిత్రాలకి ఇచ్చే రాబర్ట్ కాపా గోల్డ్ మెడల్ కూడా ఆ పేరులేని ప్రాగ్ ఫోటోగ్రాఫర్‌కే ఇచ్చారు. ఇంట్లోవాళ్లని వేధిస్తారేమోనని, తండ్రి పోయాక 1984లో గానీ ఆయన పేరు బయటికి రాలేదు.

డెస్క్‌మనిషి
రోల్‌ఫిల్మ్ గారు సగం కథ చెప్పి ఆపేశారు. కౌడెల్కా 1970లో దేశం వదిలేశాడు, మళ్లీ అడుగుపెట్టింది 1990లో. మాగ్నమ్ అనే ఫోటోగ్రాఫర్ల సంస్థలో చేరాక కూడా పత్రికల అసైన్‌మెంట్లు ఒప్పుకునేవాడు కాదు. అంటే నేల మీద ప్రేమ ఆయన చేత గొప్ప వార్తాచిత్రాలు తీయించింది, నిజమే. కెరీర్ మాత్రం ఇవ్వలేదు. వెలుగునీడ అడిగింది కెరీర్ గురించి.

నేను పత్రిక డెస్క్ మీద చాలాకాలం పనిచేశాను. సొంత ఊరి మీద మమకారం ఉన్న ఫోటోగ్రాఫర్లతో నాకొచ్చిన ఇబ్బంది వాళ్లు పంపిన ఫోటోలతో కాదు, పంపని వాటితో. గొడవ జరిగితే అవతలి గుంపు చేతిలో కర్ర కనిపించే ఫ్రేములు వస్తాయి, ఇవతలి గుంపువి రావు. అబద్ధం ఎక్కడా ఉండదు. ఏ ఫోటోకి ఆ ఫోటో నిజమే. అన్నీ కలిపి చూస్తే మాత్రం నిజం కాదు.

చిన్నమాట
పైది స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

మిత్రవింద
డెస్క్‌మనిషి గారూ, మీరు చెప్పేది పక్షపాతం. దాన్ని ప్రేమ లెక్కలో వేస్తున్నారు. రెండూ ఒకటేనంటే నేను ఒప్పుకోను.

1943 బెంగాల్ కరవు తీసుకోండి. సునీల్ జానా అప్పటికింకా పాతికేళ్ల కుర్రాడు, పెరిగింది కలకత్తాలో. కమ్యూనిస్టు నాయకుడు పి.సి. జోషితో కలిసి తన బెంగాల్‌లోనే తిరుగుతూ ఆకలితో చచ్చిపోతున్న జనాన్ని తీశాడు. బెంగాల్ మీద ప్రేమ ఉన్నవాడు పచ్చటి పొలాలు, పడవలు తీసుకుంటూ కూర్చోవాలి కదా? తీయలేదు.

దక్షిణాఫ్రికా ఎర్నెస్ట్ కోల్ అయితే ఇంకా పెద్ద మూల్యం చెల్లించాడు. నల్లవాడిగా పుట్టి, నల్లవాళ్లు ఎక్కడ తిరగాలో కట్టడి చేసే అక్కడి పాస్ చట్టాల కింద తిరగడం కష్టమైతే, రికార్డుల్లో తన వర్గాన్ని 'కలర్డ్' (మిశ్రమ జాతి)గా మార్పించుకుని మరీ వర్ణవివక్షని ఫోటో తీశాడు. గనుల్లో పనికి వచ్చిన మగాళ్లని గోడకి ఎదురుగా వరసగా, ఒంటి మీద నూలుపోగు లేకుండా, చేతులెత్తించి నిలబెట్టిన వైద్య పరీక్ష ఫోటో ఆయనదే. 1966లో దేశం దాటాడు. 1967లో పుస్తకం వస్తే సొంత దేశంలోనే దాన్ని నిషేధించారు. మళ్లీ తిరిగి వెళ్లలేకపోయాడు. 1990లో న్యూయార్క్‌లో చనిపోయాడు. ఏ నేల కోసం తీశాడో ఆ నేలే దూరమైపోయింది. ఇది కెరీర్ కాదంటారా? అనండి. ఆ ఫోటోలని మాత్రం జీతానికి పనిచేసేవాడు తీయలేడు.

సూటిగా
ఒక మాట చెప్తే అందరూ మీద పడతారని తెలుసు, అయినా చెప్తా. సొంత దేశం దరిద్రాన్ని, చావుల్ని తీసి బయటి అవార్డులకి పంపడాన్ని "ప్రేమ" అనడం నాకు మింగుడుపడదు. అమ్మ చీర చిరిగితే కుడతాం, ఫోటో తీసి వీధిలో పెట్టం.

నల్లపిల్లి
వచ్చేశాడు. కుర్చీలు సర్దుకోండి.

మిత్రవింద
సూటిగా గారూ, 1984 భోపాల్ రాత్రి ఏమయిందో ప్రపంచానికి గుర్తుండిపోయింది మట్టిలో పూడ్చుతున్న ఒక పసివాడి ముఖం వల్ల. రఘురాయ్, పాబ్లో బర్తొలోమ్యూ ఇద్దరూ ఆ బిడ్డని తీశారు. పాబ్లో తీసిన రంగుల ఫోటోకి ఆ ఏడాది వరల్డ్ ప్రెస్ ఫోటో అవార్డు వచ్చింది. మీ లెక్కన అది దేశం పరువు తీయడమేనా? ఆ ఫోటోలు లేకపోతే ఎవరికి లాభమయ్యేదో ఒక్కసారి ఆలోచించండి. ఇంకో విషయం, రఘురాయ్ అక్కడితో ఆగలేదు. 2000ల మొదట్లో మళ్లీ వెళ్లి, బతికున్నవాళ్ల బతుకులు ఎలా ఉన్నాయో తీశారు. అప్పటికి అవార్డులిచ్చేవాళ్లు వేరే ఊళ్లకి వెళ్లిపోయారు.

సూటిగా
భోపాల్ సరే, ఒప్పుకుంటున్నా. అక్కడ ఎవరి తప్పో చూపించడానికి ఆ ఫోటో అవసరం. నేనంటున్నది ప్రతి మురికికాలవ పక్కన ఏడుస్తున్న పిల్లాణ్ని వెతుక్కునే బ్యాచ్ గురించి.

మిత్రవింద
ఆ బ్యాచ్ నాకూ పడదు. అక్కడ కలిశాం లెండి.

పాతకెమెరా
నేను స్ట్రింగర్‌గా, అంటే నెల జీతం లేకుండా పత్రికకి ఫోటోలిచ్చేవాడిగా మొదలుపెట్టి చాలా ఏళ్లు పుట్టిన ప్రాంతంలోనే పనిచేశాను. నా అనుభవం చెప్తాను, పనికొస్తే తీసుకోండి.

లాభం సంగతి ముందు. వరద వస్తే రాజధాని నుంచి వచ్చిన టీములు కలెక్టరు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్తాయి. నాకు మాత్రం ఏ గట్టు ముందు తెగుతుందో తెలుసు, ఆ గట్టు కింద ఎవరుంటారో తెలుసు, ఏ మేడ మీదికి ఎక్కితే రెండూ ఒకే ఫ్రేములోకి వస్తాయో కూడా తెలుసు. ఆ మేడ ఇంటావిడ నన్ను చూసి తలుపు తీస్తుంది, "ఎవరు నువ్వు" అనదు. నీళ్లు తగ్గాక టీములన్నీ వెళ్లిపోతాయి. అసలు కథ అప్పుడు మొదలవుతుంది. తడిసిన పాస్‌బుక్కులు, పట్టాలు ఆరేసుకుంటూ కూర్చున్న ముసలాయన ఫోటో నాకు అలాగే దొరికింది. ఎగిరిపోకుండా చిన్న చిన్న గులకరాళ్లు ఒక్కో కాగితం మీద పెట్టి, గాలి వచ్చినప్పుడల్లా రెండు చేతులూ చాచి కాగితాల మీదికి వంగేవాడు. వరదలో నేను తీసిన బోట్ల ఫోటోలు ఎవరికీ గుర్తులేవు. ఇది గుర్తుంది.

ఇక నష్టం. ఫోటో అచ్చయిన మర్నాడు బయటివాడు విమానమెక్కుతాడు, మనం అదే వీధిలో నడవాలి. కొత్తగా వేసిన రోడ్డు కుంగిపోతే తీశాను. కాంట్రాక్టరు మా పెదనాన్న గారికి దగ్గరివాడు. పెదనాన్న నన్నేమీ అనలేదు, పలకరించడం మానేశారంతే. తిట్టినా బాగుండేదనిపించింది. డెస్క్‌మనిషి గారు చెప్పిన "పంపని ఫోటోలు" ఇక్కడే పుడతాయి. మొహమాటం సామాన్యమైనది కాదు.

రోల్‌ఫిల్మ్
@పాతకెమెరా ఆ కాగితాల ఫోటో ఎక్కడైనా చూడొచ్చా?

పాతకెమెరా
ఇక్కడ పెట్టను. ఆ కాగితాల మీద ఆయన పేరు, ఖాతా నంబరు చదవడానికి వస్తాయి. అచ్చుకి ఇచ్చినప్పుడు అవి కనిపించని కోణంలో తీసిన ఫ్రేము ఇచ్చాను.

సందేహాలరావు
అయితే బయటివాళ్లు ఈ పని చేయలేరంటారా? నాకు నచ్చిన సగం ఫోటోలు బయటి దేశాలవాళ్లు తీసినవే.

డెస్క్‌మనిషి
చేయగలరు, చేశారు కూడా. జపాన్‌లోని మినమాటాలో ఫ్యాక్టరీ వదిలిన పాదరసం సముద్రంలోకి, చేపల్లోకి, మనుషుల్లోకి చేరి కాళ్లూ చేతులూ వంకర్లు పోయాయి. దాన్ని ప్రపంచానికి చూపినవాళ్లలో అమెరికన్ యూజీన్ స్మిత్ ఒకడు. 1971లో భార్య ఐలీన్‌తో వెళ్లి అక్కడే ఇల్లు తీసుకుని ఏళ్ల తరబడి ఉన్నాడు. కంపెనీ మనుషుల చేతిలో దెబ్బలు తిన్నాడు, చూపు దెబ్బతింది. పుట్టిన నేల కాకపోయినా ఉండిపోయాడు. నా దృష్టిలో పుట్టుక కంటే ఉండిపోవడం ముఖ్యం.

సంచారి_క
మినమాటా గురించి ఇంకొకటి. అందులో అందరికీ తెలిసిన ఫోటో, కూతురికి తల్లి స్నానం చేయిస్తున్నది. ఆ అమ్మాయి చనిపోయాక చాలా ఏళ్లకి, ఆ బొమ్మ ఇంకా తిప్పడం తల్లిదండ్రులకి కష్టంగా ఉందని 1990ల చివర్లో ఐలీన్ దాన్ని కొత్తగా అచ్చుకి ఇవ్వడం ఆపేసింది. లోకం మొత్తం మెచ్చుకున్న ఫోటోని ఆ ఇంటివాళ్ల కోసం పక్కన పెట్టింది. ప్రేమ అంటే నాకు ఇది కనిపిస్తుంది, జెండా పట్టుకున్న ప్రొఫైల్ పిక్చరు కాదు.

మన దేశపు ఆడపేరు ఇక్కడ ఒక్కటీ రాలేదు కాబట్టి నేనే చెప్తాను. హోమాయ్ వ్యారావాలా, మన దేశంలో తొలి మహిళా ఫోటో జర్నలిస్టు. మొదట్లో ఆమె ఫోటోలు భర్త పేరు మీద అచ్చయ్యేవి. స్వాతంత్ర్యం వచ్చిన రోజులు, గాంధీ అంత్యక్రియలు, నెహ్రూ కాలం, అన్నీ ఆమె కెమెరాలో ఉన్నాయి. కొత్తగా వచ్చిన ఫోటోగ్రాఫర్ల తీరు నచ్చక 1970లో కెమెరా పక్కన పెట్టేసింది. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. కొత్త దేశం పుట్టడాన్ని అంత దగ్గరగా చూసి, ఇక చాలనుకున్నప్పుడు చాలనడం కూడా ఆమెకే చెల్లింది.

నల్లపిల్లి
మా మేనమామ ప్రతి పెళ్లిలో ఫోటోగ్రాఫర్ల తీరు నచ్చక గొడవపడతాడు. పద్మవిభూషణ్ సంగతి అడిగి చూడమంటారా?

ఎనిమిదోఅంతస్తు
ప్రేమ గురించి అందరూ మాట్లాడారు, తిండి గురించి ఎవరూ మాట్లాడలేదు.

@వెలుగునీడ ఉద్యోగం మానకు. స్ట్రింగర్‌కి అచ్చయిన ఫోటో లెక్కన ఇస్తారు, అచ్చవని రోజు నీ పెట్రోలు నీదే. లెన్సు పాడైనా నీ ఖర్చే. స్టాఫ్ ఉద్యోగాలు తగ్గిపోయి చాలా కాలమైంది. ఈ పనిలో ఉన్నవాళ్లు చాలామంది పక్కన ఇంకో పని చేసుకుంటూ సాగదీస్తున్నారు, వాళ్ల ఫోటోలు దానివల్ల చెడిపోలేదు.

ఇంకోటి, సంతకం పెట్టే ముందు కాంట్రాక్టులో కాపీరైట్ ఎవరిదో చదువు. 1976 జూన్ 16న దక్షిణాఫ్రికాలోని సొవెటోలో విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. కాల్పుల్లో పడిపోయిన హెక్టర్ పీటర్సన్ అనే పిల్లాణ్ని ఇంకో కుర్రాడు ఎత్తుకుని పరిగెడుతున్న ఫోటో సామ్ న్జిమా తీశాడు. ఫిల్ము సాక్సులో దాచాడు. ప్రపంచమంతా అచ్చయింది. పోలీసుల వేధింపులకి ఆయన ఉద్యోగం, జోహానెస్‌బర్గ్ రెండూ వదిలేసి పల్లెకి వెళ్లిపోయాడు. ఫోటోగ్రఫీ బతుకు అక్కడితో ఆగిపోయింది. ఆ ఫోటో మీద హక్కు చేతికి రావడానికి 1998 దాకా పట్టింది. దేశాన్ని కదిలించిన ఫోటో తీసినవాడి సంగతే ఇది. నువ్వు చెరువు ఫోటో ఇచ్చేటప్పుడు కనీసం ఆ కాగితం చదువు.

చిన్నమాట
"అచ్చవని రోజు నీ పెట్రోలు నీదే". దీన్ని బ్యాడ్జీ చేయించుకోవాలి.

వెలుగునీడ
ఇంతమంది రాస్తారనుకోలేదు. ఉద్యోగం ఇప్పుడే మానను, నిర్ణయించుకున్నాను.

ఆ ఎడిటర్ చూసిన వాటిలో ఒకటి చెప్తాను. పాత చెక్క తలుపు, తుప్పుపట్టిన తాళం. తాళం కప్ప కింద ఎవరో పసుపుతాడు చుట్టారు, రంగు వెలిసిపోయింది. సాయంత్రపు వెలుగు పక్క నుంచి పడుతోంది. క్యాప్షన్ "ఎదురుచూపు" అని పెట్టాను. నాకు చాలా నచ్చిన ఫోటో. ఇందులో లోపమేంటో సూటిగా చెప్పండి.

సూటిగా
పిలిచారా?

డెస్క్‌మనిషి
ఫోటోలో లోపం లేదు, క్యాప్షన్‌లో ఉంది. తలుపు ఎదురుచూస్తోందని ఎవరు చెప్పారు? ఆ ఇల్లు ఎవరిది, ఎప్పుడు వెళ్లారు, ఎక్కడికి, ఏ పని మీద, తిరిగొస్తున్నారా లేదా. తాడు ఎవరు కట్టారు? పక్కింటావిడే కట్టి ఉండొచ్చు, అలా అయితే ఆవిడే నీ అసలు సబ్జెక్టు. వెళ్లినవాళ్ల ఇంటిని రోజూ చూసుకుంటున్న మనిషి ఆవిడ. ఆ ఎడిటర్ అన్నది ఇదే. నీకు అన్నీ తెలుసు కాబట్టి ఫోటోలో లేకపోయినా నీకు కనిపిస్తాయి. మాకు తాళమే కనిపిస్తుంది.

పేరు, చోటు, తేదీ రాసుకోవడం గుమస్తా పని అనుకోకు. 1936లో డొరొతియా లాంగ్ కాలిఫోర్నియాలో ఒక కూలీ తల్లిని తీసింది. అమెరికా మాంద్యానికి ఇప్పటికీ ఆ ముఖమే గుర్తు. లాంగ్ ఆమె పేరు అడగలేదు. నలభై ఏళ్ల పైచిలుకు తర్వాత, 1978లో, ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనే ఆవిడ "అది నేనే" అని పత్రికకి చెప్పుకుంది, ఆ ఫోటో వల్ల తనకి ఒరిగిందేమీ లేదని బాధపడింది. అంత గొప్ప ఫోటోగ్రాఫర్‌కే పేరు అడక్కపోవడం మచ్చగా మిగిలింది.

రోల్‌ఫిల్మ్
లాంగ్‌కి అది మచ్చ అనడం కాస్త ఎక్కువ. ఆ ఫోటోలు పత్రికలో వచ్చాకే కదా ప్రభుత్వం ఆ శిబిరానికి ఆహారం పంపింది.

డెస్క్‌మనిషి
పంపింది. ఆ కుటుంబం అప్పటికే అక్కణ్నుంచి వెళ్లిపోయింది. పేరు రాసుకుని ఉంటే వెతికి పట్టుకునేవాళ్లేమో.

రోల్‌ఫిల్మ్
ఈ ఒక్కటీ మీకే వదిలేస్తున్నా.

సందేహాలరావు
యుద్ధం వస్తే ఏమిటి పరిస్థితి? సొంత దేశం మీద బాంబులు పడుతుంటే నిష్పక్షపాతం అంటూ కూర్చోగలమా?

పాతకెమెరా
మరియుపోల్ చూడండి. యెవ్‌హెన్ మలొలెట్కా, మ్‌స్టిస్లావ్ చెర్నోవ్ ఇద్దరూ యుక్రెయిన్‌వాళ్లు, ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్) వార్తా ఏజెన్సీకి పనిచేస్తారు. 2022 ఫిబ్రవరిలో దాడి మొదలవడానికి కాస్త ముందు ఆ నగరానికి చేరి, ముట్టడి మధ్య మూడు వారాల దాకా ఉన్నారు. మార్చి 9న ప్రసూతి ఆసుపత్రి మీద బాంబు పడితే, గర్భిణిని స్ట్రెచర్ మీద శిథిలాల మధ్య మోసుకెళ్తున్న ఫోటో మలొలెట్కా తీశాడు. అదంతా నాటకం అని రష్యా అధికారులు అన్నారు. వీళ్లు ఏం చేశారు? జెండా ఊపలేదు, ఆవేశంగా వ్యాసం రాయలేదు. ఆ ఆసుపత్రి నుంచి తరలించినవాళ్లు ఏమయ్యారో వెతుక్కుంటూ వెళ్లారు. స్ట్రెచర్ మీది ఆవిడ, కడుపులో బిడ్డ ఇద్దరూ చనిపోయారు. ఇంకో ఆవిడ ప్రసవించింది, పక్కన పసిపాపతో ఉంది. అది కూడా వార్తగా ఇచ్చారు. ఆ ఫోటోకి 2023 వరల్డ్ ప్రెస్ ఫోటో అవార్డు వచ్చింది.

వాళ్లు తటస్థులు కారు, కావాలని ఎవరూ అడగలేదు కూడా. తీసింది జరిగిందా లేదా, అంతే. ప్రేమ వల్ల వాళ్లు ఆ ఊళ్లో ఉండిపోయారు. నమ్మకం మాత్రం పక్కాగా వెతికి చూపించడం వల్ల వచ్చింది.

సూటిగా
ఇది నాకు నచ్చింది. ఇలాంటివి ముందే చెప్పొచ్చుగా.

మిత్రవింద
మీరు ముందే అడగొచ్చుగా.

సంచారి_క
@వెలుగునీడ ఇంకో చిన్న సలహా. చెరువు, బడి, తాళాలు అంటూ మూడు కథలు ఒకేసారి పట్టుకున్నారు. ఒకటి పట్టుకోండి. తాళాలే బాగున్నాయనిపిస్తోంది, ఎందుకంటే వెళ్లినవాళ్లు ఎక్కడో ఉన్నారు కదా, వాళ్ల దగ్గరికీ వెళ్లొచ్చు. ఇక్కడ తాళం, అక్కడ వాళ్లు ఉంటున్న గది. తాళం చెవి ఎక్కడ పెట్టుకున్నారో చూపించమని అడగండి. చూపిస్తారు, నాకు అనుమానం లేదు.

నల్లపిల్లి
తాళం చెవి పోగొట్టుకున్నవాళ్లుంటే నా నంబరివ్వండి. మూడేళ్లుగా నా స్కూటర్‌ది దొరకట్లేదు.

వెలుగునీడ
తాడు కట్టింది పక్కింటావిడే అట! ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. ఇంటివాళ్లు వెళ్తూ ఆవిడకి తాళం చెవి అప్పగించారట, వారానికోసారి తలుపు తీసి ఊడుస్తుందట. ఇన్నిసార్లు వెళ్లి ఈ ముక్క ఎప్పుడూ అడగలేదు. ఆవిడ నన్ను చిన్నప్పటినుంచీ ఎరుగును, ఫోటో అంటే మాత్రం "నాదెందుకురా" అంటోంది. ఒప్పించడం ఎలా?

పాతకెమెరా
కెమెరా లేకుండా వెళ్లు ముందు. ఆవిడ ఊడ్చే రోజున వెళ్లి చూడు. ఎక్కడ అచ్చవుతుందో, ఎవరు చూస్తారో దాచకుండా చెప్పు. అప్పటికీ వద్దంటే తీయకు, ఆవిడ చేతిలోని తాళం చెవిని ఫోటో తీయడానికైనా అడుగు. తెలిసినవాడివి కదా అని చనువు తీసుకుని క్లిక్కుమనిపించావా, తెలిసినవాడి మీద కోపం చాలా కాలం ఉంటుంది.

సందేహాలరావు
ఫోన్‌తో తీస్తే పత్రికలు తీసుకుంటాయా?

ఎనిమిదోఅంతస్తు
తీసుకుంటాయి. ఒరిజినల్ ఫైలే పంపు, ఫిల్టరు వేసింది కాదు. ఆకాశం ముదురు చేయడం, కరెంటు తీగ చెరిపేయడం లాంటివి చేస్తే ఏజెన్సీలు గుమ్మం దాకా కూడా రానివ్వవు. 2006 లెబనాన్ యుద్ధంలో పొగని కాపీ చేసి పెంచిన ఒక ఫోటో బయటపడితే, రాయిటర్స్ ఆ ఫోటోగ్రాఫర్‌వి మొత్తం 920 ఫోటోలు తన ఆర్కైవ్ నుంచి తీసేసింది.

@వెలుగునీడ నీ ఫైళ్లు ఎక్కడ పెడుతున్నావు? ఒక్క ల్యాప్‌టాప్‌లోనే అని మాత్రం చెప్పకు.

వెలుగునీడ
ల్యాప్‌టాప్‌లోనే.

ఎనిమిదోఅంతస్తు
ఈ రాత్రికే ఒక హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, అది వేరే ఇంట్లో పెట్టు. ఎర్నెస్ట్ కోల్ నెగెటివ్‌లు అరవై వేల దాకా 2017లో గానీ స్వీడన్ బ్యాంకు లాకర్లలోంచి ఆయన వాళ్లకి చేరలేదు. నీకు స్వీడన్ బ్యాంకు లేదు.